శ్రీశైలం ఘాట్‌లో 125 డిగ్రీలు: పాత బీటిల్‌లో ఆయిల్ వేడి తగ్గేదెలా?

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. బండి నాన్నగారిది. 1969 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1500 సీసీ సింగిల్ పోర్ట్ ఇంజిన్. ఆయన పోయాక పదేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. రెండేళ్ల కింద ఇంజిన్ దింపించి పిస్టన్లు, సిలిండర్లు కొత్తవి వేయించాను. ఊళ్లో తిప్పినంతకాలం ఏ ఇబ్బందీ లేదు.

మొన్న ఆదివారం అమ్మను తీసుకుని శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాటి అడవిలో ఎక్కుడు మొదలయ్యేసరికే ఆయిల్ టెంపరేచర్ ముల్లు 110 చూపించింది. డ్యామ్ దగ్గరికి దిగి, అవతలి గట్టున సున్నిపెంట వైపు ఎక్కుతుంటే 125కి పోయింది. పక్కకు ఆపితే ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. అమ్మను చెట్టుకింద కూర్చోబెట్టి ముప్పావుగంట ఆగాను.

గేజ్ నేనే పెట్టించాను, వేడిని పసిగట్టే సెండర్ ఇంజిన్ అడుగున డ్రెయిన్ ప్లేటులో ఉంది. ఆయిల్ 20డబ్ల్యూ-50. బయట వేడి 39 డిగ్రీలు. అదనంగా ఆయిల్ కూలర్ ఒకటి తెప్పించి బిగిద్దామనుకుంటున్నా. ఏది మంచిది, ఎక్కడ బిగించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

తమ్ముడూ, అమ్మగారు క్షేమంగా ఇంటికి చేరారు కదా, అది ముఖ్యం. బండి ఆపి మంచి పని చేశావు.

కూలర్ మాట కాసేపు పక్కన పెట్టు. నా 1972 బండితో ముప్పై ఏళ్లుగా అరకు ఘాట్ ఎక్కుతున్నాను. ఈ ఇంజిన్ వేడెక్కిందంటే పదింట తొమ్మిదిసార్లు అందులో ఉండాల్సినది ఏదో లేకపోవడమే కారణం. లేనిదేదో తెలుసుకోకుండా కొత్తది తగిలిస్తే అసలు జబ్బు లోపలే దాక్కుంటుంది.

ముందు ఆ 125 నిజమో కాదో తేల్చు. సెండర్ విప్పి, వైరు తగిలించే ఉంచి, దాని ఒంటిని ఇంకో వైరుతో ఇంజిన్‌కు ఎర్త్ చెయ్యి. సెండర్ మొనను మరిగే నీళ్లలో ముంచి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడు. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైన ఉంది, మీ దగ్గర నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. 100 అనుకుని లెక్క కట్టకు.

రెండోది, ఇంజిన్ ఉండే వెనక మూత తీసి దాని చుట్టూ ఫోటోలు తియ్యి. రేకులు, రబ్బరు సీలు, ఫ్యాన్ హౌసింగ్ (ఫ్యాన్ గూడు) రెండు పక్కలా ఉండే గొట్టాలు కనిపించాలి. అవి చూశాక మాట్లాడుకుందాం.

ఎడారి_బగ్గు (ఫీనిక్స్, అరిజోనా)

అనంతగిరి అన్న మాటకు ఒక్క సవరణ. మా దగ్గర జూలైలో 45 దాటుతుంది. నా 1973 బండికి అన్నీ సరిగ్గా ఉన్నా ఫ్రీవేలో 115 తగ్గేది కాదు. బయటి కూలర్ పెట్టాకే 100 దగ్గర నిలబడింది. కాబట్టి కూలర్ దండగ అని నేను అనలేను.

ఎక్కడ పెట్టావన్నది మాత్రం ప్రాణం. చాలామంది ఫ్యాన్ గాలి పీల్చుకునే నోటికి ఎదురుగా బిగిస్తారు. అలా చేస్తే ఆయిల్ వదిలిన వేడంతా మళ్లీ సిలిండర్ల మీదికే పోతుంది. ఆయిల్ చల్లబడిందని సంబరపడేలోపు సిలిండర్ హెడ్లు కాలిపోతాయి. నాది గేర్‌బాక్సు పైన, బండి కింద ఉంది. సొంత ఎలక్ట్రిక్ ఫ్యాను, 82 డిగ్రీలకు ఆన్ అయ్యే స్విచ్ పెట్టాను. మధ్యలో, ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ కూడా ఉంది, లేకపోతే చలికాలం పొద్దున ఆయిల్ వేడెక్కదు.

గ్రీజు_చేతులు (విజయవాడ)

కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి ఒక విషయం చెబుతాను. దీన్ని గాలితో చల్లబడే ఇంజిన్ అంటాం గానీ ఇందులో సగం పని ఆయిల్‌దే. ఉన్నదంతా రెండున్నర లీటర్లు. ఫిల్టరు లేదు, అడుగున జల్లెడ ఒక్కటే. ఆ రెండున్నర లీటర్లే బేరింగులను తడపాలి, పిస్టన్ కింది వేడి లాగాలి, ఫ్యాన్ హౌసింగ్ లోపల నిలువుగా నిలబడ్డ చిన్న కూలర్‌లోకి పోయి చల్లబడి రావాలి.

69 మోడల్ కాబట్టి నీ కూలర్ పాత రకం, ఫ్యాన్ గాలి దారికి అడ్డంగానే ఉంటుంది. దాని గుండా వేడెక్కి వచ్చిన గాలే కింద 3వ సిలిండర్‌కు తగులుతుంది. మిగతా మూడింటికి చల్లగాలి, దానికి ఎంగిలిగాలి. అందుకే ఈ ఇంజిన్లలో ముందు పోయేది 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వే. ఆ కాలపు డిస్ట్రిబ్యూటర్లలో (ప్లగ్గులకు స్పార్క్ పంచేవి) 3వ సిలిండర్‌కు మాత్రం స్పార్క్ కొద్ది డిగ్రీలు ఆలస్యంగా ఇచ్చేట్టు కంపెనీవాళ్లే క్యామ్ చెక్కించారు. 1971 మోడల్ నుంచి కూలర్‌ను ప్రధాన దారిలోంచి వెనక్కి జరిపి, దానికి వేరే గూడు కట్టి, వేడిగాలి విడిగా కిందికి పోయేలా చేశారు, ఫ్యాన్ కూడా వెడల్పు చేశారు. దాన్నే డాగ్‌హౌస్ అంటారు.

కొత్తగా_కొన్నా (బెంగళూరు)

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. ఆయిల్ లైటు వెలగడానికీ వేడికీ సంబంధం ఏమిటి? ఆయిల్ తగ్గితే కదా వెలగాలి?

గ్రీజు_చేతులు (విజయవాడ)

ఆ లైటు మట్టం చూడదు, ఒత్తిడి చూస్తుంది. 0.15 నుంచి 0.45 బార్ లోపు ఎక్కడో వెలుగుతుంది. అంటే అది వెలిగేసరికే ఒత్తిడి దాదాపు లేనట్టు. వేడికి ఆయిల్ నీళ్లలా పల్చబడుతుంది. పైగా ఈ ఇంజిన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, వేడికి ఉక్కు కంటే బాగా వ్యాకోచిస్తుంది. బేరింగుల దగ్గర సందు పెరిగి ఆయిల్ జారిపోతుంది. మా షెడ్లో వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి ఇంజిన్‌లో ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ ఉండాలి. ఇక వేడి సంగతి: రోజూ తిప్పే బండికి ఆయిల్ 80 నుంచి 100 డిగ్రీలు ఉంటే మంచిది. ఘాట్‌లో కాసేపు 110 అయినా భయం లేదు. 120 దాటితే ఆపాల్సిందే. అలాగని 70 దాటకుండా ఉంచుకున్నా మంచిది కాదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవ్వదు, మూత కింద తెల్లటి మీగడలా పేరుకుంటుంది.

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

ఇవాళ పరీక్ష చేశాను. వంటింట్లో టీగిన్నెలో నీళ్లు మరగబెట్టి, గిన్నె బండి దగ్గరికి తెచ్చేలోపు చల్లారుతుందని కిరోసిన్ స్టవ్వే గ్యారేజీ బయటికి తెచ్చాను. సెండర్ ముంచితే ముల్లు 107 మీద నిలిచింది. అంటే నా గేజ్ 9 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఆ రోజు నిజమైన వేడి 116 అన్నమాట. కొంచెం ఊపిరి పీల్చుకున్నా, ఇదీ తక్కువేం కాదు.

ఫోటోలు పెట్టాను. చూస్తుంటే నాకే అనుమానం వస్తోంది. ఇంజిన్ రేకుకూ బాడీకీ మధ్య ఎడమవైపు నా చూపుడువేలు దూరేంత సందు ఉంది. అక్కడ ఏదైనా ఉండాలా?

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

దొరికింది తమ్ముడూ. నీ నాలుగో ఫోటో పెద్దది చేసి చూశాను.

ఇంజిన్ గదిని రెండు అంతస్తుల ఇల్లు అనుకో. పై అంతస్తులో చల్లగాలి. అద్దం కింద ఉన్న సందుల్లోంచి వచ్చి ఫ్యాన్ నోట్లోకి పోతుంది. కింది అంతస్తులో సైలెన్సరు, ఎగ్జాస్ట్ గొట్టాలు, సిలిండర్ల మీదుగా వేడెక్కి కిందికి దిగిన గాలి. రెండింటి మధ్య నేల ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు, ఆ రేకుల అంచున తిరిగే రబ్బరు సీలు. నీకు ఆ రబ్బరు ఎడమవైపు మొత్తం లేదు. ఫ్యాన్ బలంగా పీలుస్తుంది కాబట్టి సందు ఉన్నచోటల్లా కింది వేడిగాలి పైకి లాగేసుకుంటుంది. బయట 39 ఉంటే నీ ఇంజిన్ పీల్చేది 60, 70 అయినా ఆశ్చర్యం లేదు.

ఇంకా చెబుతాను. స్పార్క్ ప్లగ్ వైర్లు రేకులోకి దిగేచోట రబ్బరు టోపీలు ఉండాలి, నీకు రెండే ఉన్నాయి. హీటర్ బాక్సులు తీసేశారు, మన ఎండలకు హీటరెందుకని అందరూ చేసే పనే. కానీ హీటర్‌కు గాలి పంపే గొట్టాలు ఫ్యాన్ హౌసింగ్‌కు రెండు పక్కలా ఉంటాయి. వాటి నోళ్లు నీకు తెరిచే ఉన్నాయి. సిలిండర్లకు పోవాల్సిన గాలి ఆ రెండు నోళ్లలోంచి ఊరికే బయటికి పోతోంది. ఇవాళే మూసెయ్యి.

సందులు వెతకడానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి అగరుబత్తి వెలిగించి కిందనుంచి రేకు అంచుల వెంట తిప్పితే, పొగ ఎక్కడ పైకి లాక్కుపోతుందో కనిపిస్తుంది.

గ్రీజు_చేతులు (విజయవాడ)

అన్నా, మీ అనుభవానికి దండం, అగరుబత్తి మాత్రం వద్దు. కార్బొరేటర్, పెట్రోలు గొట్టం అక్కడే ఉంటాయి. పాత బండ్లలో ఆ గొట్టం ఎప్పుడు చెమ్మగిల్లుతుందో తెలియదు. పల్చటి టిష్యూ కాగితం ముక్క దారానికి కట్టి తిప్పినా అదే తెలుస్తుంది.

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

నిజమే, ఒప్పుకుంటున్నా. నా మాట కొట్టేయండి. నిప్పు వద్దు, కాగితమే.

నైన్‌లెవెన్_ఎస్‌సీ (శాన్ హోసే, కాలిఫోర్నియా)

నా బండి పోర్షె 911 ఎస్‌సీ. ఇదీ గాలితో చల్లబడే ఇంజినే, చుట్టరికం ఉంది కాబట్టి మాట కలుపుతున్నా. మాది డ్రై సంపు, అంటే ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, పది లీటర్ల పైనే. కుడివైపు ముందు ఫెండర్ లోపల ఇంకో కూలర్ ఉంటుంది, థర్మోస్టాట్ తెరుచుకుంటేనే ఆయిల్ ముందుదాకా పోతుంది. కిందటేడు వేసవిలో ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోతుంటే నేనూ పెద్ద కూలర్ కోసం వెతికాను. ఫెండర్ లోపల చూస్తే కూలర్ రెక్కల మధ్య పైన్ ఆకులు చాపలా అల్లుకుని ఉన్నాయి. టూత్‌బ్రష్‌తో, నీళ్లతో రెండు గంటలు కడిగాను. ముల్లు దిగింది.

మెహిదీపట్నం గారూ, రెండేళ్ల కింద ఇంజిన్ దింపినప్పుడు హౌసింగ్ లోపలి కూలర్‌ను ఎవరైనా శుభ్రం చేశారా? ఆయిల్ చెమ్మకు దుమ్ము అంటుకుంటే రెక్కల మధ్య బంకమట్టిలా గట్టిపడుతుంది.

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

ఇంజిన్ చేసిన షెడ్డువాళ్లను అడిగితే గుర్తులేదన్నారు. ఎలాగూ సీలు మార్చాలి కదా అని మొన్న రెండు రోజులు సెలవు పెట్టి, తమ్ముడి సాయంతో ఇంజిన్ దింపాం. అయ్యా, ఏం చెప్పను. కూలర్ మీద టార్చి వేస్తే వెలుతురు సగంలోంచి కూడా అవతలికి రాలేదు. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి పొద్దున గాలి కొట్టించాను.

సిలిండర్ల కింద, పుష్‌రాడ్ గొట్టాల పైన ఉండాల్సిన గాలి మళ్లించే రేకులు రెండూ లేవు. నాన్నగారి పాత సామాను డబ్బాలో, ఆయన చేత్తో కాగితం చుట్టి "ఇంజన్ క్రింద రేకులు" అని రాసిపెట్టినవి దొరికాయి. ఆయన ఏనాడో విప్పి దాచినవి. కాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను.

ఫ్యాన్ హౌసింగ్ లోపల తలుపుల్లాంటివి ఉన్నాయి కానీ వాటిని లాగే తీగ తెగిపోయి ఉంది. థర్మోస్టాట్ లేదు. మెకానిక్ ఒకరు మన ఎండలకు అది అక్కర్లేదు, తలుపులూ పీకేయమన్నారు. ఏం చేయను?

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

ఆ కాగితం దాచుకో. రేకులు పెట్టెయ్యి. సిలిండర్ కింది భాగాన్ని గాలి చుట్టి పట్టేలా చేసేవి అవే. అవి లేకపోతే గాలి సిలిండర్ పైవైపు తాకి జారిపోతుంది, కిందివైపు కాలుతుంది.

తలుపులు పీకకు. కుడివైపు, 1, 2 సిలిండర్ల కింద ఉండే రాగి తిత్తి ఉంటుంది చూడు, అదే థర్మోస్టాట్. 65, 70 డిగ్రీలకు సాగి తలుపులు తెరుస్తుంది. వేడినీళ్లలో వేస్తే సాగి దాని మొత్తం పొడవు కనీసం 46 మి.మీ. కావాలి. పాత తిత్తి పగిలినా తెరిచిన స్థితిలోనే ఉండిపోతుంది, కాబట్టి దానివల్ల బండి వేడెక్కుతుందన్న భయం అక్కర్లేదు. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున బండి తీసి నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకు వెళ్లే మనిషికి ఇది చాలా అవసరం. దొరికేదాకా తలుపులు పూర్తిగా తెరిచి తీగతో కట్టెయ్యి, అంతే.

గ్రీజు_చేతులు (విజయవాడ)

ఇంజిన్ ఎలాగూ కింద ఉంది కాబట్టి ఇంకో రెండు పనులు. హెడ్ రెక్కల మధ్య, ముఖ్యంగా ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గర, పోతపోసినప్పుడు మిగిలిపోయిన లోహపు పొర ఉందేమో చూడండి. కొత్త హెడ్లలో మరీ ఎక్కువ. హాక్సా బ్లేడుతో జాగ్రత్తగా గీకి తీసేస్తే గాలికి దారి దొరుకుతుంది.

రెండోది ఆయిల్ ప్రెషర్ వాల్వు. కేసు అడుగున పెద్ద గాడి ఉన్న స్క్రూ విప్పితే స్ప్రింగు, దాని వెనకే పిస్టన్ లాంటి ముక్క జారి పడాలి. పడకుండా ఇరుక్కుంటే అదో జబ్బు. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఈ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను కూలర్‌కు పోనివ్వకుండా మళ్లిస్తుంది, కూలర్ పగలకుండా చేసే ఏర్పాటు అది. తెరిచిన చోటే ఇరుక్కుందంటే ఎంత వేడెక్కినా ఆయిల్ కూలర్ ముఖం చూడదు. మరీ చిక్కటి ఆయిల్ పోసినా ఇదే తంతు. అందుకే వేడెక్కుతోందని ఇంకా చిక్కటిది పోయకండి. మన ఎండలకు 20డబ్ల్యూ-50 చాలు.

ఎడారి_బగ్గు (ఫీనిక్స్, అరిజోనా)

పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అక్కడ బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా? ఇథనాల్ మండడానికి పెట్రోలు కంటే గాలి తక్కువ చాలు. 1969 నాటి జెట్‌తో (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం) నడిపితే మిశ్రమం పల్చబడి హెడ్లు వేడెక్కుతాయి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఘాట్ ఎక్కించి, ఇంజిన్ ఆపి వెంటనే ప్లగ్గు తీసి రంగు చూడండి. పాలిపోయిన తెలుపు ఉంటే ఇంకో సైజు. బిస్కెట్ రంగు వస్తే సరిపోయింది. పెట్రోలు గొట్టాలు కూడా ఇథనాల్‌కు తట్టుకునేవి వేయండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

స్పార్క్ పడే సమయాన్ని టైమింగ్ లైటుతోనే సరిచేయండి, చెవితో కాదు.

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

టైమింగ్ లైటు పట్టి చూశాను. డిస్ట్రిబ్యూటర్ ఏనాడో మార్చిన 009 రకం. 3500 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుగా పడే కోణం, 38 డిగ్రీలు ఉంది! 30కి దించాను. జెట్ మార్చాను. ప్రెషర్ వాల్వు సుఖంగానే జారింది. సీలు, టోపీలు, మూతలు అన్నీ వేసి ఇంజిన్ ఎక్కించాం. వచ్చే ఆదివారం మళ్లీ శ్రీశైలం. నడపడంలో జాగ్రత్తలేమైనా చెప్పండి.

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

ఘాట్‌లో టాప్ గేర్‌లో మూలుగుతూ ఎక్కించకు. ఫ్యాన్ తిరిగేది ఇంజిన్ వేగంతో. చిన్న గేరు వేసి ఇంజిన్‌ను తిరగనిస్తే గాలి ఎక్కువొస్తుంది, ఒక్కో స్ట్రోకు మీద బరువు తగ్గుతుంది. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. గేరులోనే, యాక్సిలరేటర్ వదిలి దిగు. పెట్రోలు కొద్దిగానే పోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్‌కు అంతకంటే విశ్రాంతి లేదు. పైకి చేరాక టక్కున ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు.

వెనక మూత కర్ర పెట్టి కొంచెం తెరిచి నడిపేవాళ్లున్నారు. వద్దు. సైలెన్సరు దగ్గరి వేడి అక్కడినుంచే లోపలికి వస్తుంది.

ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే 15 మి.మీ. దిగాలి. ఇంకొకటి డిక్కీలో పెట్టుకో. దారిలో జనరేటర్ లైటు వెలిగితే బ్యాటరీ సంగతిలే అని నడపకు, బెల్టు తెగితే ఫ్యానూ ఆగినట్టే.

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

వెళ్లొచ్చాం. గేజ్ చూసే పని అమ్మ తీసుకుంది. పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసింది, నేను 9 తీసేసి ఇక్కడ పెడుతున్నా. బయట 38. కల్వకుర్తి దగ్గర 88. మన్ననూరు పైన ఎక్కుడులో 97. డ్యామ్‌కు దిగేసరికి 86. సున్నిపెంట ఎక్కుడులో, రెండో గేరులో, 103, అంతకుమించి పోలేదు. గుడి దగ్గర ఐడిల్‌లో ఆయిల్ లైటు వెలగలేదు. అమ్మ ఆఖరున "లైటు రాలేదు" అని రాసి కింద గీత కొట్టింది.

బయటి కూలర్ ఆలోచన మానేశాను. వానలు తగ్గాక డాగ్‌హౌస్ హౌసింగ్, దాని ఫ్యాను, రేకులు సెట్టుగా దొరికితే వేద్దామని ఉంది.

ఎడారి_బగ్గు (ఫీనిక్స్, అరిజోనా)

చాలా సంతోషం. 103 అంటే మీకు నిజంగానే కూలర్ అక్కర్లేదు. డాగ్‌హౌస్ కొనేటప్పుడు లోపల గాలిని పంచే రెక్కలు, తలుపులు ఉన్న అసలుదే చూడండి. మెరిసే క్రోమ్ హౌసింగులు కొన్ని లోపల ఖాళీ డబ్బాలే. నేను ఒకటి వేసి ఒక వేసవి బాధపడ్డాను.

గ్రీజు_చేతులు (విజయవాడ)

ఇన్నాళ్లు వేడికి కాగిన ఇంజిన్ కాబట్టి ఒక్కటి మర్చిపోకు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) 0.15 మి.మీ.కి సెట్ చేసి, 500 కిలోమీటర్లకు మళ్లీ ఫీలర్ గేజ్ పెట్టి చూడు. 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర సందు మాత్రమే తగ్గుతూ వస్తుంటే వాల్వు కాడ సాగుతోందని అర్థం. సందు సరిచేసి నడిపేయకు, ఆ హెడ్ విప్పించు. వాల్వు తల తెగి పిస్టన్ మీద పడితే మొత్తం ఇంజినే పోతుంది.

మెహిదీపట్నం_బీటిల్ (హైదరాబాద్)

నిన్న పొద్దున్నే చూశాను. ఎనిమిదీ 0.15 దగ్గరే ఉన్నాయి. 500 తిరిగాక మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.